మాస్టారు చింపిన కాగితాలు

బందరు కాలేజీలో మా ఇంగ్లీషు మాస్టారు వార్షికోత్సవానికి ఒక పాత నాటకం వేయించారు. ఎప్పుడో పరాయి దేశంలో మంత్రగత్తెలని ముద్ర వేసి అమాయకుల్ని ఉరితీసిన కథ. అబద్ధం ఒప్పుకుంటూ సంతకం చేస్తే ప్రాణం దక్కుతుందన్నా, ఆ కాగితం చింపేసే రైతు వేషం ఆయనదే. ప్రతి రిహార్సల్‌కీ కొత్త తెల్లకాగితం కావాలనేవారు.

"ఉత్తుత్తిగా చింపితే కుదరదమ్మా. చప్పుడు వెనక బెంచీదాకా వినపడాలి," అనేవారు. ఆ ముక్కలన్నీ ఏరింది నేనే. ఏరుతూ ఆయన్ని దేవుడనుకున్నాను.

ఆ ఏడాదే లేడీస్ హాస్టల్లో నలుగురమ్మాయిలు వరసగా కళ్లు తిరిగి పడిపోయారు. అక్కడ వంట చేసే మా అమ్మ చేతబడి చేసిందని వాట్సాప్ గ్రూపులో పుకారు లేచింది. ఆవిణ్ణి తీసెయ్యాలని అర్జీ పెట్టారు. అందులో మాస్టారి సంతకం కూడా ఉందని తెలిసి వరండాలో ఆపి అడిగాను.

ఆయన జేబులో పెన్ను సర్దుకున్నారు. "అందరూ పెట్టాక నేనొక్కణ్ణీ కాదంటే ఏం బాగుంటుందమ్మా?"

అమ్మని పంపించేసిన రోజు ప్రిన్సిపాల్ గారు ఆ అర్జీ మా ముందు పెట్టారు. ఇరవై సంతకాలున్నాయి. మొట్టమొదటిది మాస్టారిది. కాగితం కాస్త నలగనైనా లేదు.