లెఫ్ట్ బ్యాక్‌ను ఇచ్చి గోల్‌కీపర్‌ను తెచ్చుకున్నాను

అజ్మాన్ దాటాక ఇసుకలో మా కంపెనీ క్యాంపు ఉండేది. నాలుగు వరసల రేకుల గదులు, ఒక మెస్ హాలు, వెనకాల బయలు. తెల్లవారకముందే నాలుగు బస్సులు వచ్చి మమ్మల్ని నాలుగు సైట్లకు తీసుకుపోయేవి. ఆ బస్సుల లెక్కనే మాకు నాలుగు ఫుట్‌బాల్ టీములు. నేను ఒకటో బస్సుకు టైమ్‌కీపర్‌ను, ఒకటో టీముకు కెప్టెన్‌ను. పదో తరగతి చదివి హాజరు రాయడం వచ్చినందుకు దొరికిన పెద్దరికం అది. ఎనభైల మొదటి ఏళ్ళ మాట ఇది.

అంతకుముందు ఎవరి బస్సుకు వాళ్ళే ఆడేవారు. రెండేళ్ళు వరసగా రెండో బస్సే గెలిచేసరికి మిగతావాళ్ళకు ఆట మీద విసుగు పుట్టింది. అప్పుడు క్యాంపు చూసుకునే ముదీర్ ఒక పద్ధతి పెట్టాడు. చలికాలం పోటీలకు ముందు ఒక శుక్రవారం నలుగురు కెప్టెన్లు మెస్ హాలులో కూర్చోవాలి. ఒక్కొక్కరు తమవాళ్ళలో ఎనిమిది మందిని ఉంచుకోవచ్చు. మిగిలినవాళ్ళనూ కొత్తగా వచ్చినవాళ్ళనూ చీటీలో వచ్చిన వరసలో ఒకరి తర్వాత ఒకరు కోరుకోవాలి. ఈలోగా ఒక మనిషిని ఇచ్చి ఇంకొక మనిషిని మార్చుకోవాలంటే అదీ చేసుకోవచ్చు. మారిన మనిషి పరుపు చుట్టుకుని కొత్త టీము గదికి వెళ్ళాలి, మర్నాటి నుంచి ఆ బస్సే ఎక్కాలి. ఒకచోట పనిచేస్తేనే మధ్యాహ్నం విరామంలో సాధన కుదురుతుందని ముదీర్ వాదన. పోటీలు అయ్యాక పాత గదికి తిరిగి రావచ్చని ఆయన అనేవాడు గానీ, అలా వచ్చిన వాళ్ళను నేను చూడలేదు. టైమ్‌షీటులో ఒకసారి పేరు మారితే దాన్ని మళ్ళీ ఎవరూ కదిలించరు. ఆ షీట్లు రాసేవాణ్ణి కాబట్టి ఈ సంగతి నాకు అందరికంటే బాగా తెలుసు.

ఆ ఏడు మా గోల్‌కీపర్ చుట్టీ మీద గోవా వెళ్ళి తిరిగి రాలేదు. సిమెంటు సంచి కాగితం చింపి, దాని మీద పదకొండు గీతలు గీసి, పేర్లు రాసుకుంటూ కూర్చునేవాణ్ణి. ఎన్నిసార్లు రాసినా అన్నిటికంటే వెనక గీత ఖాళీగా ఉండేది. కొత్త బ్యాచ్‌లో గోల్ దగ్గర నిలబడేవాడు ఒక్కడూ లేడు. మూడో బస్సులో మాత్రం ఇద్దరున్నారు. అందులో ఒకాయన కేరళ మనిషి, తలుపంత పొడుగు.

మూడో బస్సు కెప్టెన్ ఇనుప కడ్డీలు వంచే నెల్లూరు సాయిబు. నాకంటే పదేళ్ళు పెద్ద. ఆయన గదిలో వంట కూడా ఆయనదే. సోమవారం సాయంత్రం నీళ్ళ ట్యాంకర్ దగ్గర పట్టుకున్నాను.

“భాయ్, నీ పొడుగాయన్ని నాకియ్యి. నా ఫార్వర్డును తీస్కో.”

“గోల్ కొట్టేవాళ్ళు నాకుండారు అబ్బయా. ఎడమ పక్క అడ్డం నిలబడేవోడే లేడు. మా లెఫ్ట్ బ్యాక్‌ది వీసా ఖలాస్ అయి వెళ్ళిపాయె. నీ లెఫ్ట్ బ్యాక్ పిల్లోణ్ణి ఇయ్యి, పొడుగాయన్ని తోలుకుపో.”

“రైట్ బ్యాక్‌ను ఇస్త. గట్టి మనిషి.”

“ఆయనకు ఎడమకాలనేది ఒకటుందా అసలు? బస్సెక్కేటప్పుడు కూడా కుడికాలే పెడతాడు.”

చుట్టూ బకెట్లతో నిలబడ్డవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆయన అడిగిన మనిషి విషయంలో నా దగ్గర ఒక రహస్యం ఉంది.

మా లెఫ్ట్ బ్యాక్‌ది మా పక్క ఊరు. నా మాట మీదే దుబాయ్ వచ్చాడు. నన్ను అన్నా అనేవాడు. వచ్చిన ఏడాదికి అతనికి రేచీకటి పట్టుకుంది. ఒక సాయంత్రం సైటులో నడుస్తూ నడుస్తూ పైపుల కోసం తవ్విన కందకంలోకి దిగిపోయాడు. చెయ్యి పట్టి పైకి లాగితే అప్పుడు చెప్పాడు, పొద్దు గూకితే ఏమీ కనబడటం లేదని. “ఎవ్వలికి చెప్పకన్నా, ఇంటికి తోలేస్తరు” అన్నాడు. తోలేస్తారన్నది నిజం. చూపు ఆననివాణ్ణి ఏ కంపెనీ ఉంచుకోదు. ఊళ్ళో అతని బావి ఎండిపోయింది. వెళ్ళి చేయడానికి ఏమీ లేదు.

అప్పటి నుంచి ఎనిమిది నెలలు అతనికి కళ్ళు నేనే. పొద్దున చీకటిలో బస్సు దాకా నేను ముందు, నా భుజం మీద అతని చెయ్యి. చూసేవాళ్ళకు అది స్నేహం. గదులకూ బస్సులకూ మధ్య నేల మీద ఒక నీళ్ళ పైపు అడ్డంగా ఉండేది. అది వచ్చినప్పుడల్లా “పైపు” అనేవాణ్ణి, అతను కాలెత్తేవాడు. శుక్రవారం ఆటలు సాయంత్రం అసర్ నమాజు తర్వాత మొదలై, పొద్దు గూకాక మగ్రిబ్ అజాన్ వినబడగానే ఆగిపోయేవి. చివరి పది పదిహేను నిమిషాలు వెలుతురు పడిపోయాక, సెంటర్ హాఫ్‌గా ఆడే నేను అతని పక్కకు జరిగి, “నీ కుడికి, వెనక్కి” అని అరుస్తూ ఆడించేవాణ్ణి. మిగతా గంటసేపు అతన్ని దాటి పోగలిగినవాడు క్యాంపులో లేడు. ఈ సాయం చేస్తున్నందుకు నాలో నాకు చాలా గొప్పగా ఉండేది. ఆ సంగతి ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మంగళవారం, బుధవారం ఆ కాగితం నా చొక్కా జేబులోనే ఉంది. గోల్‌కీపర్ లేకుండా మొదటి ఆటలోనే మునుగుతాం. లెఫ్ట్ బ్యాక్ పోతే అక్కడ నేనే సర్దుకోవచ్చు. ఎడమకాలు తిరిగినా తిరగకపోయినా నాకు కళ్ళు కనబడతాయి. ఇవన్నీ న్యాయమైన లెక్కలే. వాటి కింద ఇంకో లెక్క ఉంది. పోయిన నెల ఒక శుక్రవారం ఆటలో ఆ మసక వెలుతురులోనే, అతని వైపు నుంచే మేము గోల్ తిన్నాం. ఏదో ఒక రోజు ఈ సంగతి బయటపడుతుంది. ఆ రోజు అతను నా బస్సులో ఉంటే, తెలిసీ దాచిన టైమ్‌కీపర్‌గా నా ఉద్యోగమూ పోతుంది. వేరే బస్సులో ఉంటే నాకేమీ తెలియదని చెప్పవచ్చు. ఇంత మంచి బేరం మళ్ళీ రాదు. అతని లోపం అవతలివాళ్ళకు తెలియదు కాబట్టే అతనికి అంత విలువ.

మా బాపు ఎడ్ల అంగట్లో బేరాలు కుదిర్చేవాడు. తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టి ధర చెప్పడం ఆయన విద్య. “గొడ్డుకు ఐబుంటే ముందుగాల చెప్పాలె. ధర తగ్గితే తగ్గనియ్యి” అనేవాడు. ఐబంటే లోపం. బుధవారమంతా ఆ మాట నాకు గుర్తుంది. మరిచిపోయి చేసిన పని కాదు ఇది.

సాయంత్రం సాయిబు తన గది ముందు ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. నేను సరేనన్నాను. ఆయన నవ్వి భుజం మీది తువ్వాల తీసి నా చేతి మీద కప్పాడు. వాళ్ళ దిక్కు సంతల్లోనూ ఆ అలవాటే ఉందట.

“మోకాళ్ళు బాగుండాయా?” కింద నా చూపుడు వేలు పట్టాడు.

“బాగున్నయి.”

“ఊపిరి?” రెండో వేలు.

“గంటసేపు ఉరికినా నోరు తెరవడు.”

“ఇంకేం ఐబు లేదు గదా అబ్బయా?”

“లేదు భాయ్.”

నా పిడికిలి మొత్తం పట్టి ఒక ఊపు ఊపి వదిలేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఎద్దు ఎవరు, ఆసామి ఎవరు అని మమ్మల్ని ఆట పట్టించారు.

గురువారం డ్యూటీ అయి బస్సు దిగేసరికి మసక పడింది. అతని చెయ్యి నా భుజం మీదికి వచ్చింది. కొంత దూరం నడిచాక అడిగాడు.

“అన్నా, రేపు నన్ను ఉంచుకుంటున్నవా?”

“పైపు,” అన్నాను. అతను కాలెత్తి దాటాడు. ఇంకా జవాబు కోసం చూస్తున్నాడు. “నువ్వు లేకుంటే టీం ఏడిదిరా తమ్మీ,” అన్నాను.

“గట్లనే అనుకున్న. ఎవలో ఏదో అంటుండ్రు.”

శుక్రవారం భోజనాలయ్యాక ముదీర్ మెస్ హాలులో మార్పులు ముందు చదివాడు. మొదటిదే మాది. పేరు విన్నాక అతను నా వైపు చూడలేదు. లేచి గదికి వెళ్ళి పరుపు చుట్టుకున్నాడు. నేను వెనకే వెళ్ళి గడప దగ్గర నిలబడి, “రెండు నెలలే. పోటీలు ఖలాస్ కాంగనే మల్ల తీస్కొస్త,” అన్నాను.

“టైమ్‌షీట్ రాసేది నువ్వే గద అన్నా,” అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. ఎండ ఉండగానే సామాను చేర్చాలన్న తొందర ఉంది.

మర్నాడు చీకటిలో ఒకటో బస్సు కిటికీ దగ్గర కూర్చుని మూడో బస్సు వైపే చూశాను. గది గోడ మీద అరచెయ్యి ఆనించుకుంటూ వచ్చాడు. గోడ అయిపోయిన చోట ఆగిపోయాడు. తర్వాత నడిచాడు, పైపు తగిలి ముందుకు పడ్డాడు. ఎవరో లేపారు. మా డ్రైవర్ బస్సు కదిలించాడు. నేను దిగలేదు. ఇంక అతన్ని ఇంటికి పంపేస్తారని అనుకున్నాను. దాని తర్వాత, గోల్‌కీపర్‌ను వెనక్కి అడుగుతారేమో అని కూడా అనుకున్నాను. వరసగా ఆ రెండూ అనుకున్నాను.

ఏమీ జరగలేదు. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత రోజుల్లో అటు చూడకుండా ఉండేలా బస్సులో అవతలి పక్క సీటుకు మారాను.

నాలుగో వారం మా రెండు టీములకు ఆట పడింది. ముందు రోజు, కుడి అంచున ఆడే మా రైట్ అవుట్‌ను పక్కకు పిలిచాను. సన్నటి బెంగాలీ మనిషి, పాదరసం. హిందీలో చెప్పాను, పొద్దు దిగేంత వరకు మధ్యలోంచి ఆడు, దిగాక ప్రతి బంతీ వాళ్ళ లెఫ్ట్ బ్యాక్ మీదికే తీసుకుపో అని. ఆయన అనుమానంగా చూశాడు. వాళ్ళలో అందరికంటే గట్టి మనిషి అతనే కదా అన్నాడు. నేను చెప్పినట్టు చెయ్యి చాలు అన్నాను. ఎనిమిది నెలలు దాచిన సంగతిని అలా వాడుకున్నాను. మాట బయటికి చెప్పలేదు కాబట్టి నమ్మకద్రోహం కాదని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

ఆట ఎవరికీ గోల్ లేకుండా సాగింది. మా కేరళ కీపర్ రెండు మంచి బంతులు ఆపాడు. సూర్యుడు క్యాంపు రేకుల వెనక్కి దిగాక ఇసుక రంగు మారింది. నేను చెయ్యి ఎత్తాను. రైట్ అవుట్ బంతిని అంచు వెంట తీసుకుపోయాడు. లెఫ్ట్ బ్యాక్ ఎదురొచ్చి శుభ్రంగా కాలు పెట్టి తీసేసుకున్నాడు.

అదృష్టం అనుకున్నాను. మళ్ళీ పంపాను. మళ్ళీ తీశాడు. మూడోసారి బంతి ఎత్తుగా, ఆకాశంలో కలిసిపోయేలా వెళ్ళింది. దాన్నీ కిందికి దిగేదాకా తల ఎత్తి చూస్తూ నిలబడి ఛాతీతో ఆపాడు. అప్పుడు మా రైట్ అవుట్‌ను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. అంత దూరం నుంచి, ఆ వెలుతురులో, నా ముఖం అతనికి కనబడుతోందని నాకు తెలిసింది. అతను కొట్టిన బంతి మా సగంలోకి వచ్చి పడింది. నేను చూస్తూ ఉండిపోయాను. వాళ్ళ ఫార్వర్డు నన్ను దాటిపోయి గోల్ వేశాడు. వెంటనే అజాన్ వినబడింది.

అతని దగ్గరికి వెళ్ళాను. “కనబడుతున్నదా తమ్మీ?”

“నా దిక్కే కొట్టమని నువ్వే చెప్పినవా అన్నా?”

అతను జవాబు కోసం ఆగలేదు. చొక్కా దులుపుకుని నీళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు.

మగ్రిబ్ నమాజు ముగించుకుని సాయిబే నా దగ్గరికి వచ్చాడు. మొదటి రోజు పైపు తగిలి పడ్డప్పుడే అతను అంతా చెప్పేశాడట.

“కంపెనీ డాక్టర్ దగ్గరికి పోతే టికెట్ కొడతారని, శుక్రవారం బర్ దుబాయ్‌లో మాకు తెలిసిన డాక్టర్ దగ్గరికి తీసుకుపోయినా. ఆకుకూర ఎరగని తిండి, ఇంకేం కాదన్నాడు. మందులిచ్చినాడు. నేను దినమూ మేక కార్జం వండి పెట్టినా. రెండు వారాలకు చుక్కలు లెక్కబెడుతుండాడు. ఆ చూపుతోనే నీకాడ ఎనిమిది నెలలు ఉండాడంట గదా. ఒక్క పూటైనా పెట్టలేదా?”

కార్జం తింటే రేచీకటి పోతుందని మా ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. డాక్టర్ దగ్గరికి పోతే బయటపడుతుందన్నది ఒక సాకు. మాంసం అంగడికి పోతే ఏం బయటపడుతుంది? నేను దాచడం గురించే ఆలోచించాను, తగ్గించడం గురించి ఒక్కనాడూ ఆలోచించలేదు. భుజం మీద ఆ చెయ్యి నాకు అలవాటైపోయింది. అది లేచిపోతే నేను ఉత్త టైమ్‌కీపర్‌ను.

“ఐబు ఉందని నాకు తెలుసు భాయ్. నీకు అబద్ధం చెప్పిన. నీ కీపర్‌ను తిరిగి తీస్కో,” అన్నాను.

“ముందే చెప్పుంటే కూడా తీసుకుండేవోణ్ణే అబ్బయా. కాకపోతే కీపర్‌తో పాటు ఇంకోణ్ణి కూడా అడిగుండేవోణ్ణి.” తువ్వాల దులిపి భుజం మీద వేసుకున్నాడు. “ఆ చెప్పేదేదో పిల్లోడికి చెప్పు.”

చెప్పాను. రెండు రోజులు పట్టింది ధైర్యం రావడానికి. అతను విని, “సరే అన్నా” అన్నాడు. క్షమించానని అనలేదు. నేను అడగలేదు కూడా. పోటీలు అయ్యాక టైమ్‌షీటులో అతన్ని మా బస్సులోకి రాసి తీసుకుపోయి చూపిస్తే, “వద్దన్నా, ఈడ మంచిగనే ఉన్న” అన్నాడు. ఆ షీటు చింపి మళ్ళీ రాశాను.

ఆ చలికాలం చివర్లో ఒక పొద్దున జనరేటర్ చెడిపోయి క్యాంపంతా చీకటైంది. తడుముకుంటూ బస్సు వైపు నడుస్తున్నాను. వెనక నుంచి ఎవరో చకచకా వచ్చి నన్ను దాటారు. నడక బట్టి గుర్తుపట్టాను. నాలుగు అడుగులు ముందుకు పోయినవాడు ఆగకుండానే, తల తిప్పకుండానే అన్నాడు.

“పైపన్నా.”

కాలెత్తి దాటాను.