ఏలియా అన్న రెండు దాకానే లెక్కపెట్టేవాడు

నిన్న పొద్దున చేవెళ్ల బస్టాండ్ దగ్గర టిఫిన్ చేస్తుంటే మా సింగర్ రఘు ఫోన్ చేశాడు.

"ఏలియా అన్న పోయిండురా" అన్నాడు.

ఎక్కడికి అని అడిగాను. నిజంగా అలాగే అడిగాను.

గుండెపోటట. ముప్పై ఆరేళ్లు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఏలియా అన్న మా పంక్ బ్యాండ్‌లో డ్రమ్మర్. నేను బేస్ గిటార్. మొయినాబాద్‌లో మూతపడిన ఒక కోళ్ల షెడ్డులో ప్రాక్టీస్ చేసేవాళ్లం. అందుకే బ్యాండ్ పేరు కూడా కోళ్ల ఫారమే.

అన్న అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో తోటపని చేసేవాడు. గోళ్లలో మట్టితోనే వచ్చి స్టిక్స్ పట్టేవాడు. పదకొండేళ్లు ఒక్క ప్రాక్టీస్ కూడా మిస్ కాలేదు.

మొదట వాయించింది చేవెళ్లలో వాళ్ల చర్చిలో. ఎంత స్పీడ్ అంటే, పాడేవాళ్లకు ఊపిరి అందేది కాదు. ఒక ఆదివారం సంఘపెద్ద లేచి, డ్రమ్స్ వదిలి కిందికి దిగమన్నాడు.

ఆ సంఘపెద్ద అన్న వాళ్ల బాపే.

తర్వాత కొడుకు డ్రమ్స్ వాయిస్తుంటే బాపు ఎప్పుడూ వినలేదు. సిటీలో షో ఉన్న ప్రతిసారీ అన్న ఆయనకు ఫోన్ చేసి పిలిచేవాడు. స్టేజ్ ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించేవాడు. పంక్ షోలో కుర్చీ ఏంటన్నా అని మేం ఏడిపించేవాళ్లం. జనం ఎగిరి గంతులేస్తుంటే దాన్ని కాపాడటమే మాకు పెద్ద పని. ఒకసారి ఎవరో అందులో కూర్చుంటే పాట ఆపి మరీ లేపాడు.

ఆ కుర్చీలో బాపు ఒక్కసారి కూడా కూర్చోలేదు.

అన్నకు ఇంకో అలవాటు ఉండేది. ఏ డ్రమ్మరైనా నాలుగు దాకా లెక్కపెట్టి పాట ఎత్తుకుంటాడు. ఈయన "ఒకటి, రెండు" అనేసి కొట్టేసేవాడు. మొదట్లో తిట్టుకున్నాం. తర్వాత మాకూ అదే అలవాటైంది.

ఈరోజు మధ్యాహ్నం చర్చిలో అన్నను ఉంచిన పెట్టె ఎత్తాలి. ఒక పక్క బ్యాండ్‌వాళ్లం ముగ్గురం, ఇంకో పక్క చుట్టాలు. మూడు అనగానే ఎత్తండని ఎవరో చెప్పి, లెక్కపెట్టారు.

రెండు అనగానే మేం ముగ్గురం ఎత్తేశాం. పెట్టె ఒక పక్కకు ఒరిగింది. చుట్టాలు కోపంగా చూశారు. మెల్లగా కిందికి దించాం.

బాపు దగ్గరికొచ్చి ఎందుకట్ల చేశారని అడిగాడు. అన్న పాట ఎలా మొదలుపెట్టేవాడో చెప్పాను. చెబుతుంటే నాకు ఏడుపు ఆగలేదు.

ఆయన పెట్టె మీద చెయ్యి పెట్టాడు.

"నడక నేర్పేటప్పుడు గూడ గంతే. మూడు అన్నంక రా బిడ్డా అంటే, రెండుకే నా దిక్కు ఉరికొస్తుండె."

తర్వాత ఆయనే లెక్కపెట్టాడు, అందరికీ వినబడేలా.

"ఒకటి. రెండు."

అక్కడితో ఆగాడు.

అందరం ఒక్కసారే ఎత్తాం.

బాపు వచ్చిండన్నా. ఇగ నిమ్మళంగ పండుకో.