పరధ్యానం అని రాసిన

కరోనా బందు పోయి బడులు మళ్ల తెరిచిన మరుసటేడు. నాచారంల ఒక చిన్న ప్రైవేటు స్కూల్ల నేను మూడో తరగతి క్లాస్ టీచర్‌ను, లెక్కలు చెప్తుంటి. అప్పటికే పదహారేండ్ల సర్వీసు. పిల్లల మొకం జూస్తే మనసుల ఏమున్నదో చెప్తనని నాకు మస్తు గర్వం ఉండె.

ఆ క్లాసుల అక్షయ అని ఎనిమిదేండ్ల పిల్ల. బోడుప్పల్ నుంచి వచ్చేది. వాళ్లమ్మ స్వరూప ఇక్కడి ఫ్యాక్టరీల ప్యాకింగ్ పని జేస్తది. పిల్ల తెలివిగలదే, కానీ ఎక్కం చెప్తా చెప్తా నడుమల ఆగిపోయేది. కండ్లు తెరిచే ఉంటయి, చూపు మాత్రం ఎటో. నేను డస్టర్‌తోని బల్ల మీద కొట్టినా కదలకపోయేది. జర సేపటికి తనంతట తనే, "ఏంది మేడం?" అనేది. క్లాసంత నవ్వేది. నేను ఆపకపోయేదాన్ని.

మా బడిల డైరీ పద్ధతి. పిల్లల తప్పును ఎర్ర పెన్నుతోని రాసి పంపుతం, దాన్ని రిమార్క్ అంటం. మరునాడు తల్లో తండ్రో సంతకం పెట్టి పంపాలె. నేనైతే ఏ పీరియడ్, ఏ లెక్క కాడ ఆగింది, అది గూడ రాసేదాన్ని. రేపు ఎవరన్నా "మా పిల్ల గట్ల జెయ్యది" అంటే చూపెట్టేతందుకు. అక్షయ డైరీల నెలన్నర పాటు ఒకటే మాట: పరధ్యానం. కొన్ని రోజులు మూడేసి సార్లు రాసిన. స్వరూప అన్నిటికీ సంతకం పెట్టింది.

పీటీఎం, అంటే తల్లిదండ్రులను పిలిచి మాట్లాడే రోజు, ఆమె సగం పూట సెలవు పెట్టుకొని వచ్చింది. వెనక ఇంకో నలుగురు తల్లులు నిలబడ్డరు.

"మేడం, ఇంట్ల గూడ గిట్లనే జేస్తది. అన్నం తింటా తింటా ఆగుతది. ముద్ద చేతులనే ఉంటది. పిలిస్తే పలకది. నాకేందో బుగులైతుంది."

"ఫోన్ చూసుకుంట తింటది గదమ్మా, గట్లనే ఉంటది."

"ఫోన్ ఇయ్యను మేడం."

"మరి జర భయం పెట్టు. నువ్వు గారాబం జేస్తే నేనెంత రాసి ఏం లాభం?" అన్న. వెనకున్న తల్లులు కిసుక్కున నవ్విన్రు. నేను గూడ నవ్విన. స్వరూప తలొంచుకొని పోయింది.

ఆ వారంలనే అక్షయ చేతి మీద దెబ్బలు కనిపించినయి. చూసిన. తల్లి భయం పెడుతుంది, ఇంక బాగుపడ్తది అనుకున్న. గీ మాట రాస్తుంటే ఇప్పటికి గూడ సిగ్గుతోని చచ్చిపోతున్న.

దసరా సెలవులైనంక ఒకనాడు పొద్దున తల్లీబిడ్డలు బస్సు దిగి రోడ్డు దాటుతుంటే, అక్షయ తల్లి చేతులకెల్లి జారి రోడ్డు నడుమలనే ఆగిపోయిందట. ఆటో అతను బ్రేకేసి తప్పించిండు. స్వరూప పనికి పోకుండ పిల్లను తీస్కొని దవాఖానకు ఉరికింది. డాక్టర్ ఒక కాగితం ముక్కను ఆగకుండ ఊదమన్నడట, గట్ల ఊదితే ఆ ఆగుడు బయటపడ్తదట. ఊదుతా ఊదుతా పిల్ల ఆగింది, చూపు నిలిచిపోయింది. తర్వాత తలకు వైర్లు పెట్టి ఈఈజీ తీసిన్రు, అది మెదడు పనిని గీతలుగ చూపెట్టే పరీక్ష. అబ్సెన్స్ సీజర్స్ అన్నరు. అదొక రకం ఫిట్స్. కాళ్లు చేతులు కొట్టుకోరు, కింద పడరు. కొన్ని సెకన్లు పిల్లకు ఏమీ తెల్వది, అంతే. రోజుకెన్నిసార్లని డాక్టర్ అడిగితే స్వరూప పిల్ల సంచిలకెల్లి నేను రాసిన డైరీ తీసిచ్చిందట.

మందులు మొదలైన పది దినాలకు ఆమె స్టాఫ్ రూముకు వచ్చింది. మా ప్రిన్సిపాల్ నా పక్కనే కూసున్నది.

"డాక్టర్ సారు మిమ్ముల మెచ్చుకున్నడు మేడం. పీరియడ్‌తోని సహా ఇంత మంచిగ ఎవరు రాసిన్రు అన్నడు. మీరు కనిపెట్టిన్రు. కన్నతల్లిని, నాకే తెల్వలే. కొట్టిన మేడం పిల్లను," అని ఏడ్చింది.

నీకే ముందు తెల్సిందమ్మా, నువ్వు చెప్తే నేను నవ్విన, కొట్టించింది నేనే. గీ ముక్క నాలిక చివరి దాకా వచ్చింది. ప్రిన్సిపాల్ నా దిక్కు మెచ్చుకోలుగ చూస్తున్నది. "ఫికర్ జెయ్యకమ్మా, ఇంక మంచిగైతది," అన్న. గంతే అన్న.

ఇప్పుడు ఏ తల్లి తన పిల్ల సంగతి చెప్పనీకి వచ్చినా, నేను నోరు మూసుకొని చివరిదాకా వింట. అంతవరకు నేర్చుకున్న. మొన్న నాచారం కూరగాయల అంగట్ల స్వరూప ఎదురైంది. పక్కనున్న చెల్లెకు నన్ను చూపెట్టి, "మా అక్షయ రోగం కనిపెట్టిన మేడం ఈమెనే," అన్నది. ఆ చెల్లె సంచి కింద పెట్టి రెండు చేతులెత్తి దండం పెట్టింది. నేను గూడ పెట్టిన.