ఎవరూ కూర్చోని కుర్చీ

వీధిలో పారేసిన సామాను కనబడితే మా ఆయనకు కాళ్ళు కదలవు. బ్రెమెన్‌లో జనం అక్కర్లేని బీరువాలూ పరుపులూ ఇంటి ముందు వీధి అంచున పెడితే మునిసిపాలిటీ లారీ వచ్చి తీసుకెళుతుంది. దాన్ని స్పెర్‌ముల్ అంటారు. ఎక్కడైనా ఆ కుప్ప కనబడిందా, ఆయనకు ఆ రోజు పండగే. జేబులో స్క్రూడ్రైవర్ లేకుండా పాలకు కూడా వెళ్ళరు.

పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో మా ఇంట్లోకి కొత్తగా వచ్చింది నేనొక్కదాన్నే. మంచం ఎవరిదో, బల్ల ఎవరిదో! అడిగితే, "బాగు చేసిన గదా, ఇంకేం గావాలె?" అంటారు. నిజమే, ఆయన చేయి పడ్డ కుర్చీ కిర్రుమనదు. పోట్లాడటానికి సాకు దొరకదు గానీ, ఒళ్ళు మండుతుంది.

ఈ వేసవిలో ఇక తెగించాను. చెబితే "ఆగు, దొరుకుతది" అంటారని, చెప్పకుండానే ఒక ఆకుపచ్చ కుర్చీ తెప్పించుకున్నాను. నాకంటే ముందు ఎవరూ కూర్చోని కుర్చీ. అంతే నా కోరిక.

తెచ్చినవాళ్ళు దాన్ని వీధి అంచున దించి, మెట్లెక్కించడం మా పని కాదంటూ వెళ్ళిపోయారు. అట్టపెట్టెతో సహా మెట్ల మలుపు తిరగదని అక్కడే విప్పాను. మూడో అంతస్తుకు ఒక్కదాన్నే మోయలేక, మా అంతస్తులోనే ఉండే ఎదురింటావిడను పిలుచుకురావడానికి పైకి వెళ్ళాను. దిగేసరికి కుర్చీ లేదు. పక్కింటివాళ్ళ స్పెర్‌ముల్ కుప్ప మాత్రం భద్రంగా ఉంది. దాని పక్కనే వదిలి వెళ్ళిన నా తెలివిని చెప్పుతో కొట్టాలి.

కాసేపటికి ఆయన చెమటలు కక్కుతూ, వెలిగిపోతూ వచ్చారు.

"మనింటి ముందలనే కుర్చీ దొరికింది! ఒక్క గీత లేదు. గిసొంటిది పారేసినోళ్ళకు బుద్ధుండాలె. మొన్న ఎమ్మెస్‌కు వచ్చిన పిల్ల లేదూ, ఆమె రూంల వేసొచ్చిన."

"ఆకుపచ్చదేనా?"

"నీకెట్ల తెల్సు?"

నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం, ముఖం మాడిపోయింది. "ఇప్పుడే పోయి తెస్త" అన్నారు.

"వద్దు. మీరు పోతే తొవ్వల ఇంకోటి ఎత్తుకొస్తరు" అని నేనే బయల్దేరాను.

రెండు వీధుల అవతల ఆ అమ్మాయి గది. మొన్నటిదాకా మా ఇంట్లో ఉన్న దీపం, మా ఇంట్లో ఉన్న అలమర. మధ్యలో నా కుర్చీ. ఆ అమ్మాయేమో నేల మీదే, సూట్‌కేసు మీద లాప్‌టాప్ పెట్టుకుని చదువుకుంటోంది.

"వదినా, ఒక్కటడుగుత, నిజం చెప్పాలె. ఎవరో పారేసిన్రని అన్న అన్నడు గానీ, కింద కంపెనీ చీటీ అట్లనే ఉన్నది. మీరే కొని పంపిన్రు గదా? ఈ దేశం వచ్చినంక నాకు కొత్తదంటూ ఒక్కటి లేకుండె వదినా."

ఎనిమిదేళ్ళుగా నేను మొత్తుకుంటున్న మాట! నాకెంత కోపమొచ్చిందో చెప్పలేను. ఆ పిల్ల మీద కాదు, ఇక ఎవరి మీదో నాకే తెలియదు.

"అవునమ్మా" అన్నాను.

"మీరొస్తరని నేనింక కూసోలే. మీరే ముందు కూసోవాలె."

కూర్చున్నాను. ఎంత హాయిగా ఉందో! లేవాల్సి వచ్చినప్పుడు మాత్రం ఒళ్ళు మండిపోయింది.