ఇద్దరికీ ఒక్కతే టీచరమ్మ

మా టీచరమ్మ పోయిన సంగతి నాకు సిర్గాపూర్ పిల్ల చెప్పింది. మంగళవారం పొద్దున జాకెట్టు గుడ్డ కత్తిరిస్తుంటే ఫోన్ మోగింది. "అక్కా, టీచరమ్మ లేదే. నిద్రలనే పోయిందంట," అని ఆ పిల్ల హైదరాబాద్ నుంచి ఏడుస్తోంది. ఆ తర్వాత నేను అన్న మొదటి మాట చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ అది దాచి ఆమె గురించి రాయలేను. "నీకెవలు చెప్పిన్రు?" అని అడిగాను.

నేనుండేది నారాయణఖేడ్‌లో, టీచరమ్మ ఇంటికి రెండు గల్లీల అవతల. ఆ పిల్ల ఊరు సిర్గాపూర్, ఇప్పుడుండేది మాత్రం వంద కిలోమీటర్లు దాటి. అయినా కబురు ముందు అక్కడికి పోయి, అక్కడి నుంచి తిరిగి నా దగ్గరికి వచ్చింది. టీచరమ్మ కొడుకు ఆమె ఫోన్ తెరిస్తే అన్నిటికన్నా పైన ఆ పిల్ల నంబరే ఉందట. ముందు రోజు సాయంత్రం ఇద్దరూ మాట్లాడుకున్నారట. చావు కబురులోనూ నా వంతు ఎందుకు ముందు రాలేదని చూసుకునే మనిషిని నేను. టీచరమ్మకు ఇది తెలుసు. తెలిసే నన్ను భరించింది.

మేమిద్దరం ఆమె దగ్గర గొంతు నేర్చుకున్నవాళ్లం. మేం పుట్టినప్పుడు మగపిల్లలమని ఇంట్లో చెప్పుకున్నారు. కాదని మాకు తెలియడానికి కొన్నేళ్లు, ఆ మాట పైకి చెప్పడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. చీర కట్టడం, జడ వేసుకోవడం ఎవరికి వారే నేర్చుకున్నాం. గొంతు ఒక్కటే మాట వినలేదు. మందులు ఒంటిని కాస్త మారుస్తాయి గానీ, ముదిరిన గొంతును వెనక్కి తేలేవని డాక్టరు ముందే చెప్పాడు. అది సాధనతో రావాల్సిందే.

నాకు అది షోకు కాదు, బతుకుదెరువు. నేను జాకెట్లు కుడతాను. ఇంటికొచ్చే ఆడవాళ్లతో ఇబ్బంది లేదు, చూస్తారు, కూర్చుంటారు, కొలతలు ఇస్తారు. చిక్కంతా ఫోన్‌తోనే. నేను హలో అనగానే అవతలి నుంచి, "అన్నా, జర అక్కకు ఇయ్యి," అనేవాళ్లు. ఆ అక్కను నేనే. కొందరైతే మారు మాట్లాడకుండా పెట్టేసేవాళ్లు. ఫోన్‌లో ఎవరూ తడుముకోకుండా అక్కా అని పిలవాలి. నా కోరిక అంతే.

టీచరమ్మ మొదటిసారి జాకెట్టు గుడ్డతో వచ్చినప్పుడు నేను గొంతు పిసికి, సన్నగా కీచుమంటూ మాట్లాడుతున్నాను. ఆమె నవ్వలేదు, మొహమూ తిప్పుకోలేదు. "గొంతు నొప్పి పెడ్తలేదా పిల్లా?" అని అడిగింది. అడిగిన ఆమె గొంతే గరగరమంటోంది, చాటలో ఇసుక చెరిగినట్టు. సర్కారు బడిలో ముప్పై ఏళ్లు ఒకటో తరగతి పిల్లల మీద అరిచి అరిచి ఆమె గొంతులో కాయలు కాశాయి. హైదరాబాద్‌లో ఏదో దవాఖానలో మాట నేర్పే మేడం ఒకామె ఉంటే, ఆర్నెల్లు అక్కడికి తిరిగి మాట తెచ్చుకుంది. అదే బెంచీ మీద మాలాంటి ఒకామె కూడా తన వంతు కోసం కూర్చునేదట. మా టీచరమ్మ బడి మనిషి కదా, ఊరికే కూర్చోలేదు. ఆమె పాఠం కూడా అడిగి, తన పాఠంతో పాటు నోటుబుక్కులో రాసుకుని వచ్చింది. ఎందుకు రాసుకున్నావంటే, "ఎవలకన్న అక్కరకొస్తదని," అంది. ఆ ఎవరో నేనే కావడం నా అదృష్టం. రెండేళ్ల పాటు నేనొక్కదాన్నే అయ్యాను.

సాయంత్రం ఐదున్నరకు ఆమె వంటింట్లో కూర్చునేవాళ్లం. సగం గ్లాసు నీళ్లు, అందులో చెరుకు రసం బండి దగ్గర అడిగి తెచ్చిన స్ట్రా. దాన్ని పెదాల మధ్య పెట్టుకుని మ్మ్ అంటూ ఊదాలి, బుడగలు ఒక్క తీరుగా రావాలి. తర్వాత గొంతు మీద వేలు పెట్టి గుటక మింగమనేది. "పైకి లేసింది సూడు, గా గుండు? గది లేస్తే లోపట సందు చిన్నగైతది. చిన్న సందులకెళ్లి వచ్చే మాట తేలికగుంటది," అని చెప్పేది. ఆ పైన కుక్కలా రొప్పడం. ముందు పెద్ద కుక్కలా, తర్వాత కుక్కపిల్లలా. ఇది చేస్తుంటే వీధికుక్క ఒకటి రోజూ వచ్చి గేటు దగ్గర నిలబడి మమ్మల్ని అనుమానంగా చూసేది. దాన్ని చూసి ఇద్దరం నవ్వేవాళ్లం. నవ్వగానే నా పాత గొంతు బయటపడేది. "ఇగో, దొరికినవ్. నవ్వు గూడ నేర్సుకోవాలె," అనేది.

నేను పట్టుబట్టి గొంతును పైకి లాగినప్పుడల్లా ఒకటే మాట. "గుంజకే. గుంజితే తాడన్న తెగుతది, బొక్కెనన్న పడుతది. మాట పైకి పోవుడు కాదు, ముంగటికి రావాలె." రోజుకు నాలుగైదు సార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు, అంతకు మించి చేయొద్దని ఆమె గట్టి ఆజ్ఞ.

ఆమె పరీక్ష ఆటోలో జరిగేది. ఆటో నడిపేవాడు ముందుకు చూస్తుంటాడు, మనం వెనక. కొంగు తల మీదికి లాక్కుని కూర్చోవాలి, దిగాల్సిన చోట "ఈడ ఆపు" అనాలి. "ఆపుతున్న అక్కా" అంటే పాస్. నేను ఏడు ఆటోలు ఫెయిలయ్యాను. ఏడోవాడు, "ఆపుతున్న అన్నా," అని వెనక్కి తిరిగి నా చీర చూసి, గేరు మార్చడం మరిచి బండి బంద్ చేసుకున్నాడు. ఆ రోజు ఇంటిదాకా టీచరమ్మ నా చెయ్యి వదలకుండా నడిచింది.

మూడో ఏడాది సిర్గాపూర్ పిల్ల వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయేమో, వాళ్ల అమ్మానాన్నలు కూలికి హైదరాబాద్ పోతే అవ్వ దగ్గర పెరిగింది. నా దగ్గరే అడ్రసు కనుక్కుని వచ్చింది కాబట్టి తప్పు నాదే. నేను రెండేళ్లలో ఎక్కలేని మెట్టు ఆ పిల్ల నాలుగు నెలల్లో ఎక్కింది. బోరంచ పోచమ్మ గుడికి ముగ్గురం ఆటోలో పోతుంటే టీచరమ్మ ఆ పిల్ల మోచేతిని పొడిచింది. "ఈడ ఆపు," అంది ఆ పిల్ల. "ఇగ ముంగట నీడకు ఆపుతా అక్కా, ఎండల ఎందుకు?" అన్నాడు వాడు. పాస్ అవ్వడమే కాదు, నీడ కూడా సంపాదించింది. దిగగానే పరుగున వచ్చి ముందు నన్నే వాటేసుకుంది. నేను వీపు తట్టాను. ఆ రోజు అమ్మవారి ముందు నిలబడి ఏం కోరుకున్నానో ఇక్కడ రాయను. అమ్మవారు మంచిది, పట్టించుకోలేదు.

అప్పటి నుంచి నాకు అన్నీ కనబడడం మొదలైంది. ఛాయ్ ముందు ఎవరికి పోస్తోంది, ఎవరి వైపు తిరిగి కూర్చుంటోంది. "శభాష్" ఆ పిల్లకు, నాకు "ఇంకోసారి." ఒకరోజు ఆ పిల్ల వెళ్లిపోయాక ఉండబట్టలేక అడిగేశాను. "ఆమె గొంతు మంచిగున్నదా, నాది మంచిగున్నదా?" టీచరమ్మ పప్పులో రాళ్లు ఏరుతోంది. తలెత్తలేదు. "ఆమెది జల్దీ వచ్చింది," అంది. అంతే. ఆ మూడు ముక్కల్ని ఇంటికి తెచ్చుకుని ఏడాది పాటు నమిలాను.

జల్దీ కావాలంటే నాకు చేతకాదా అనుకున్నాను. ఐదు నిమిషాల సాధనను మూడు గంటలు చేశాను. మిషన్ తొక్కుతూ, ఆ చప్పుడులో ఎవరికీ వినబడదని, గొంతు చించుకున్నాను. పదిహేను రోజులకు ఒక పొద్దున లేచి చూస్తే గొంతులో గాలి తప్ప ఏమీ లేదు. టీచరమ్మ నా నోరు తెరిపించి చూడలేదు, ఏం చేశావని కూడా అడగలేదు. హైదరాబాద్ మేడంకు ఫోన్ చేసి చెప్పి, నా వైపు తిరిగి, "పది దినాలు నోరు తెరువద్దు. గుసగుస గూడ వద్దు, గది ఇంకా చెడ్డది," అంది. ఫోన్ పక్కన పెట్టి, "దాని మీది కుళ్లు నీ గొంతు మీద తీర్సుకుంటవా?" అంది. నోరు తెరవకూడని మనిషితో ఎంత తేలిగ్గా మాట్లాడొచ్చో అప్పుడు తెలిసింది. నేను తల ఊపడం తప్ప ఏం చేయగలను?

ఆ పది రోజులూ గిరాకీ వస్తే కత్తిరింపు బల్ల మీద గుడ్డకు గీతలు గీసే సుద్దతో రాసి చూపించాను. సాయంత్రం మామూలుగానే వెళ్లి ఆమె వంటింట్లో కూర్చున్నాను. సిర్గాపూర్ పిల్ల రాలేదు. ఆ పిల్ల సాధన వింటే నా గొంతు ఊరికే ఉండదని, లోపల కదులుతుందని టీచరమ్మ ఆమెను పది రోజులు రావొద్దంది. నా కోసం ఆ పిల్లను ఆపింది! గొంతు పోయిన బాధ కన్నా ఆ సంబరం ఎక్కువైంది నాకు. పదకొండో రోజు రాకూడదని కూడా అనుకున్నాను.

ఆ రోజుల్లోనే, నేను జవాబు చెప్పలేననేమో, ఆమె ఎక్కువ మాట్లాడింది. "ఆడగొంతంటే సన్నగొంతు అనుకున్నవా? మా అత్త అరిస్తే చెలకల దున్నే ఎద్దులు ఆగుతుండె. నా గొంతు సూడు, రేకు మీద గీకినట్టున్నది. అయినా నన్ను ఎవడన్న అన్నా అన్నడా?" అంది. నిజమే, ఆమె ఫోన్ ఎత్తితే అందరూ టీచరమ్మా అనే పిలిచేవాళ్లు. మాట ఎక్కడ లేస్తుంది, ఎక్కడ దిగుతుంది, ఎదుటి మనిషి వైపు ఎట్లా వంగుతుంది, ఇదంతా కలిస్తేనే గొంతని ఆమె నమ్మకం. నాకు మాత్రం అప్పుడది ఓడిపోయినదాన్ని బుజ్జగించే మాటలాగే వినబడింది.

ఆ తర్వాత నాకూ వచ్చింది, మెల్లగా, కుంటుకుంటూ. ఇప్పుడు ఫోన్ చేసేవాళ్లలో సగం మంది అక్కా అంటారు. సగం మంది ఇంకా తడబడతారు. సిర్గాపూర్ పిల్ల హైదరాబాద్‌లో ఫోన్‌లో మాట్లాడే ఉద్యోగంలోనే చేరింది. రోజంతా ముక్కూ మొహం తెలియని జనం ఆమెను మేడం అంటారు. టీచరమ్మ ఆ వార్త చెప్పినప్పుడు నా కోసం కూడా మిఠాయి తెచ్చి పెట్టింది. తిన్నాను.

మంగళవారం నేను వెళ్లేసరికి ఆమెను ముందరి అర్రలో పడుకోబెట్టారు. ఆడవాళ్లు చుట్టూ కూర్చుని శోకం తీస్తున్నారు. మా వైపు ఏడుపుకు కూడా ఒక వరుస ఉంటుంది. కొత్తగా వచ్చిన మనిషి మెడను పట్టుకుని ఒకరు మాట ఎత్తితే ఇంకొకరు అందుకుంటారు. నాకు భయం పట్టుకుంది. ఏడుపులో గొంతు మన చెప్పుచేతల్లో ఉండదు. నవ్వు నేర్చుకున్నాను, దగ్గు, తుమ్ము, కోపం నేర్చుకున్నాను, ఇది నేర్చుకోలేదు. ఇంతమంది చుట్టాల నడుమ నా నోట్లోంచి ఏ గొంతు వస్తుందో అని గోడవారన కూర్చుని కొంగు నోట్లో కుక్కుకున్నాను.

బస్సు దిగి సిర్గాపూర్ పిల్ల వచ్చింది. గడప దాటుతూనే ఏడ్చింది. ఆ ఏడుపు ఎంత నిండుగా, ఎంత తేటగా ఉందంటే ముసలమ్మలు కూడా తలెత్తి చూశారు. టీచరమ్మ శవం ముందు కూర్చుని నేను ఆ పిల్ల ఏడుపు మీద కుళ్లుకున్నాను. ఇంతకన్నా కిందికి మనిషి దిగలేడు.

అప్పుడు టీచరమ్మ వాళ్ల అక్క లేచి వచ్చింది. కళ్లు సరిగా కనబడవు, తడుముకుంటూ ఒక్కొక్కరి మెడ పట్టుకుని ఏడుస్తోంది. నా దగ్గరికి వచ్చి కూలబడి, నోట్లోని కొంగు చేతికి తగలగానే దాన్ని లాగి పారేసింది. "నన్ను ఇడిసి పెట్టి పోతివా చెల్లే," అని నా చెవిలో ఎత్తి ఆగింది. అందుకోవాల్సింది నేను.

వచ్చింది. స్ట్రాలు, బుడగలు, గుటకలు, ఏవీ ముట్టని గొంతు, కడుపులోంచి, బొంగురుగా, మోటుగా. పూడ్చిపెట్టాననుకున్నదే మొత్తం బయటికి వచ్చింది. ఆపుదామన్నా నా వల్ల కాలేదు. "ఎవలకు చెప్పుకోవాలె టీచరమ్మా," అని ఏడ్చాను. ముసలమ్మ ఉలిక్కిపడలేదు. నా మాట కొస పట్టుకుని తన మాట కలిపింది, మళ్లీ నా చేతికి ఇచ్చింది. పొద్దటి నుంచి ఏడ్చి ఏడ్చి ఆ అర్రలో చాలామంది గొంతులు అప్పటికే పగిలి ఉన్నాయి.

బయట అరుగు దగ్గర ఎవరో చెప్పులు విప్పుతున్నారు. కల్హేర్ వైపు నుంచి వచ్చిన దూరపు చుట్టం. గడప పక్కన నిలబడ్డ టీచరమ్మ కొడుకును అడగడం వినబడింది. "లోపట గంతగనం ఏడుస్తున్నదెవలు? మీ అమ్మకు బిడ్డ గూడ ఉన్నదా? నాకు ఎర్కనే లేదు."

టీచరమ్మకు ఒక్కడే కొడుకు, ఆడపిల్లలు లేరు. అతను తలుపులోంచి లోపలికి తొంగి చూశాడు. ముసలమ్మ భుజం మీదున్న నా మొహం అతనికి కనబడింది.

"ఉన్నది," అని, ఆయనకు దారి ఇచ్చాడు.

సిర్గాపూర్ పిల్లకూ ఆ మాట వినబడింది. ఏడుపు ఆపి నా వైపు తిరిగింది. చెంపలు తుడుచుకోలేదు, రెప్ప వెయ్యలేదు. ఆ చూపును నేను వెంటనే గుర్తుపట్టాను. ఇన్నాళ్లూ ఆ పిల్ల వైపు నేను చూసిన చూపే అది.