మేస్త్రి వాసన చూసిన ట్యాంకు

పాత కార్ల షెడ్డు నడిపే ఆయన్ని అందరూ ముక్కు మేస్త్రి అనేవారు. అసలు పేరేమిటో కరెంటు బిల్లు ఇచ్చేవాడికి తప్ప ఎవరికీ పట్టలేదు. ముక్కు పెద్దదేమీ కాదు, అందరికీ ఉన్నంతే. కానీ కారు గేటు దాటి లోపలికి వస్తుండగానే, చేతిలో టీ గ్లాసు దించకుండానే, "పెట్రోలు పైపు కారుతోంది, అక్కడే ఆపండి" అనేవాడు. బానెట్టు ఎత్తి చూస్తే నిజంగానే కారుతుండేది. అలాంటి ముక్కు! ముప్పై ఏళ్ళు ఆ ముక్కే ఇల్లు నడిపింది.

కోపం కూడా ఆ ముక్కు మీదే ఉండేది. ముఖ్యంగా పెట్రోలు ట్యాంకు మూతల విషయంలో. పాత కారు మూతకి సూది మొనంత బెజ్జం ఉంటుంది. లోపల పెట్రోలు తగ్గేకొద్దీ ఆ దారిన గాలి వెళ్ళాలి. వెళ్ళకపోతే పెట్రోలు ఇంజనుకి రాదు, బండి నడిరోడ్డు మీద చతికిలబడుతుంది. మూత పోయిందని బజార్లో దొరికిందేదో, బెజ్జం లేనిది, తెచ్చి బిగించేవాళ్ళంటే ఆయనకి ఒళ్ళు మండేది. "మీ ముక్కూ నోరూ మూసి పరిగెత్తమంటే పరిగెత్తుతారా? దానికి మాత్రం ఊపిరి అక్కర్లేదా?" అని మొహం మీదే అడిగేవాడు. తిట్లు తిన్నవాళ్ళే మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు.

షెడ్డులో ఆయన కాక పనిచేసేది బావమరిది ఒక్కడే. భార్యకి తమ్ముడు, నలభై దాటినా పెళ్ళీ పెటాకులూ లేనివాడు, అక్క ఇంట్లోనే ఉండేవాడు. టంకం పెట్టడంలో అతని చెయ్యి తిరుగులేనిది. లోపల పెట్రోలు ఆవిరి ఏ కాస్త మిగిలినా మంటకి పేలుతుంది కనక, చీలిన ట్యాంకుకి టంకం పెట్టాలంటే ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ట్యాంకు విప్పి, పెట్రోలు వంపేసి, సబ్బుపొడి కలిపిన సలసల కాగే నీళ్ళతో నాలుగుసార్లు కడిగి, మూత తీసి రెండు రోజులు ఎండలో పెట్టాలి. తర్వాత మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని, ట్యాంకు మూతి దగ్గర ముక్కు పెట్టి, కళ్ళు మూసుకుని పీల్చేవాడు. "ఊఁ, పెట్టు" అంటేనే బావమరిది మంట చిమ్మే బ్లోలాంపు వెలిగించేవాడు. "వద్దు" అంటే ట్యాంకు మళ్ళీ ఎండలోకి. ఆ మాట ఒక్కసారి కూడా తప్పలేదు.

పోయిన వానాకాలం మేస్త్రికి జ్వరం వచ్చింది. వారంలో తగ్గింది కానీ, పోతూ పోతూ వాసన కూడా పట్టుకుపోయింది. మొదట జలుబనుకున్నాడు. నెల గడిచాక ఒక పొద్దున ఆయన పొయ్యి పక్కనే కూర్చుని పేపరు చదువుతుండగా పాలు మాడి గిన్నె నల్లబడిపోయింది. ఆయన పేజీలు తిప్పుతూనే ఉన్నాడు. పెరట్లోంచి పరిగెత్తుకొచ్చిన భార్య గిన్నెని చూసింది, ఆయన్ని చూసింది.

"ఏమండీ, మీకు తెలియలేదా?"

ఆవిడ ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెట్టింది. కిరసనాయిలు సీసా మూత తీసి పెట్టింది. ఏమీ లేదు.

"తమ్ముడికైనా చెప్పండి. నిప్పుతో పని."

"చెబితే ఊరంతా తెలుస్తుంది. ముక్కు లేని ముక్కు మేస్త్రి దగ్గరికి ఎవడొస్తాడే? ముగ్గురం ఏం తింటాం? ఎవరితోనూ అననని ఒట్టెయ్యి."

ఆవిడ ఒట్టేసింది. ఆ తర్వాత టంకం ఉన్న రోజున ఆవిడకి అన్నం సహించేది కాదు. తమ్ముడు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేదాకా గుమ్మంలోనే తచ్చాడేది.

మేస్త్రి ఎలాగో నెట్టుకొచ్చాడు. "వాసన ఎక్కడ ఎక్కువొస్తోందో మీరే చెప్పండి చూద్దాం" అని కార్లు తెచ్చినవాళ్ళని పరీక్ష పెడుతున్నట్టు అడిగేవాడు. వాళ్ళు చెప్పిందే తల ఊపి తిరిగి వాళ్ళకే చెప్పేవాడు. ట్యాంకు దగ్గర మాత్రం ఎవర్ని అడుగుతాడు? నాలుగుసార్లకి బదులు ఆరుసార్లు కడిగించాడు. రెండు రోజులకి బదులు మూడు రోజులు ఎండబెట్టించాడు. చివర్లో మూతి దగ్గర ముక్కు పెట్టి, ఏమీ తెలియకుండానే "పెట్టు" అన్నాడు. పదకొండు ట్యాంకులు అలా గట్టెక్కాయి. దాంతో భయం పోయింది. అదీ అసలు చిక్కు.

పన్నెండోది పళ్ళ డాక్టరుగారిది. తండ్రి వాడిన కారు, ప్రాణంలా చూసుకునేవాడు. పది కిలోమీటర్లు నడిచి ఆగిపోతోందనీ, మూత తీస్తే సుయ్యిమని శబ్దమొచ్చి మళ్ళీ కదులుతోందనీ చెప్పాడు. మూత చూడగానే మేస్త్రి విరుచుకుపడ్డాడు. "మీరు పళ్ళు చూసుకోండి డాక్టరుగారూ, మూతలు మాకు వదిలెయ్యండి!" బెజ్జం లేని మూత. గాలి అందక ట్యాంకు డొక్క లోపలికి పీక్కుపోయి, అతుకు దగ్గర చీలింది. శనివారం పాత కార్ల ప్రదర్శన ఉంది, ఈలోగా ఎలాగైనా కావాలన్నాడు డాక్టరు.

ఆ ట్యాంకుకి మూత కాక పైన సన్నటి గాలిగొట్టం కూడా ఒకటుంది. దాని బయటి కొసని కందిరీగ మట్టిగూడు కట్టి మూసేసింది. గొట్టం వంపులో నిలిచిన పెట్రోలు దగ్గరికి వేడినీళ్ళు వెళ్ళలేదు, ఎండా వెళ్ళలేదు. మేస్త్రి ఆ గూడు చూశాడు. టంకం అయ్యాక పొడుద్దాంలే అనుకున్నాడు. వెనకటి రోజుల్లోనూ అలాగే అనుకునేవాడేమో, కానీ అప్పుడు ముక్కు ఆపేది.

శుక్రవారం మధ్యాహ్నం మోకాళ్ళ మీద కూర్చుని పీల్చాడు. "ఊఁ, పెట్టు."

బావమరిది బ్లోలాంపు పట్టుకుని ఆగాడు. "బావా, నాకెందుకో కాస్త వాసన తగులుతోంది. ఇంకో రోజు ఎండలో పెడదామా?"

మేస్త్రి అప్పుడైనా ఆగాల్సింది. నిజం నోటి చివరిదాకా వచ్చింది కూడా. వచ్చి, కోపమై బయటపడింది.

"ఈ షెడ్డులో ముక్కు నీదా నాదా? పెట్టరా అంటే!"

"సరే సరే, నీదే బావా," అని నవ్వుతూ వెలిగించాడు బావమరిది.

ఆ చప్పుడు నాలుగు వీధుల అవతలికి వినిపించింది. పైకప్పు రేకులు లేచిపోయాయి. కొత్త మూతకి బెజ్జం వేద్దామని అప్పుడే బయటికొచ్చిన మేస్త్రికి గీత కూడా పడలేదు. బావమరిదికి రెండు కళ్ళూ, కుడిచేతి మూడు వేళ్ళూ పోయాయి.

ఆసుపత్రిలో తొమ్మిదో రోజుకి అతనికి మాట వచ్చింది. పోలీసు అడిగినా, నర్సు అడిగినా, చూడ్డానికొచ్చిన పళ్ళ డాక్టరు అడిగినా అతను చెప్పింది ఒకటే. "మా బావ తప్పేం లేదండీ. ఆయన ముక్కుకే అందలేదంటే ఇంకెవరికి అందుతుంది? నేనే మంట తప్పుగా పట్టుంటాను." మేస్త్రి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని అన్నిసార్లూ విన్నాడు. బూతులు తిట్టినా ఇంతకన్నా నయమనిపించింది. పోలీసాయన కేసు లేదని రాసుకుని, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. ఇక నోరు మూసుకుంటే చాలు, బతికినన్నాళ్ళూ ముక్కు మేస్త్రే.

మర్నాడు సాయంత్రం గదిలో వాళ్ళిద్దరే ఉన్నారు. మేస్త్రి తలుపు వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

"బావా, నేను రాలేనని షెడ్డు మూసెయ్యకు," అన్నాడు కట్ల కిందనుంచి బావమరిది. "టంకానికి ఎవర్నైనా పెట్టుకో. నీ ముక్కుందిగా, ఏం కాదు."

మేస్త్రికి ఏడుపు ఆగలేదు. "ముక్కు లేదురా. జ్వరమొచ్చినప్పుడే పోయింది. అప్పట్నుంచీ ఏ వాసనా తెలియదు నాకు. ఆ రోజు నువ్వన్నదే నిజం. నీ కళ్ళు నేనే తీశానురా."

కట్టు కట్టిన చెయ్యి దుప్పటి మీద కాస్త కదిలి ఆగింది.

"అక్కకి తెలుసా?"

"తెలియదు," అన్నాడు మేస్త్రి గబుక్కున. "దానికేం తెలియదురా. దాన్నేమీ అనుకోకు."

బావమరిది మొహం తలుపు వైపు తిప్పాడు.

"నువ్వు చెప్పక్కా. ఇందాకట్నుంచీ కాఫీ వాసన వస్తోంది. అక్కడే ఉన్నావు కదూ."

మేస్త్రి వెనక్కి తిరిగి చూశాడు. గుమ్మంలో భార్య నిలబడి ఉంది. మూత వదులైన ఫ్లాస్కులోంచి కాఫీ ఆవిడ చేతి మీదుగా కారుతోంది. ఎప్పుడొచ్చిందో ఆయనకి తెలియనే లేదు.