బావ చెప్పిన లిమా

మా బావ పెరూ దేశంలోని లిమాలో కొన్నేళ్లు ఉద్యోగం చేసి మట్టెవాడకు తిరిగొచ్చాడు. లిమా తిండికి పేరుమోసిందట. పెళ్లి బంతిలో ఎవరైనా దాని గురించి అడిగితే చాలు, విస్తరి మీద చెయ్యి ఆపి, కళ్లు మూసుకుని, "అబ్బ! పచ్చి చాపల మీద నిమ్మకాయ పిండి ఇస్తరు. నోట్ల ఏస్కుంటే కరిగిపోతది" అనేవాడు. వినేవాళ్లు ముందున్న మటన్ మరిచిపోయేవారు.

నిరుడు నాకూ ఆ ఊళ్లోనే ఉద్యోగం వచ్చింది.

"ఏ హోటల్ల తినాలె బావా?" అని అడిగాను.

ఈసారి బావ కళ్లు మూసుకోలేదు. వంటింట్లోకి పోయి మామిడికాయ తొక్కు సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఉన్నన్ని దినాలు రూంల కుక్కర్ పెట్టుకొని గీ తొక్కుతోనే తిన్న బామ్మర్దీ. ఒక్కపారి హోటల్ దాకా పోయిన. లోపల అందరు ఫోర్కు, కత్తి పట్టుకొని తింటాండ్రు. అద్దంలకెల్లి చూసి, సిగ్గయి మళ్లొచ్చిన. మీ అక్కకు సుత చెప్పలే."

నా మొహం చూడకుండా సీసా మూత మరింత బిగించాడు.

"నువ్వన్న లోపలికి పో. తిని, ఎట్లుందో జర ఫోన్ చెయ్యి. శ్రావణంల పెండ్లిళ్లున్నయ్, మళ్ల అడుగుతరు."